అద్దాలమ్మ చేతికొచ్చిన కత్తి

మా అత్తగారిని వీధిలో అందరూ అద్దాలమ్మ అంటారు. పెళ్లికి ముందునుంచీ కళ్లజోళ్ల అద్దాలు తయారుచేసే కార్ఖానాలో పనిచేసిన మనిషి. గాజుబిళ్లకి నీళ్లలో కలిపిన గరుకు పొడి పూసి, గిన్నెలాంటి అచ్చులో పెట్టి, చూపుకి సరిపడా చేత్తో తిప్పుతూ అరగదీయడం ఆవిడ పని. తరవాత యంత్రాలొచ్చాయి, కార్ఖానా మూతపడింది, ఆవిడ ఇంట్లో కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ ఆ చేతులు కూర్చుంటేగా! నేను మడతపెట్టిన దుప్పట్లు విప్పి మళ్లీ మడతపెట్టేది. తోమిన గ్లాసుని వెలుతురుకెత్తి, "అమ్మాయ్, ఇక్కడో మరక నన్ను చూసి నవ్వుతోంది" అనేది. మా ఆయన ఇళ్లకి రంగులేస్తాడు. ఆయన రంగేసిన గోడ కనిపిస్తే చాలు, దానికి చెంప ఆనించి, ఒక కన్ను మూసి, ఎగుడుదిగుళ్లు వెతికేది.

"మా అమ్మ కంట్లో పడ్డాక ఏ గోడైనా వంకరే" అని ఆయన నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. పొద్దస్తమానం ఆ కంటికింద తిరిగేది నేను కదా.

నేను బస్సు డిపో క్యాంటీన్లో వంటమనిషిని. అక్కడి కత్తులతో టమాటా కోస్తే కోసినట్టుండదు, కొట్టినట్టుంటుంది. నాకంటూ ఒక మంచి కత్తి ఉండాలని చాన్నాళ్లుగా కోరిక. బజారు చివర జపాన్ కత్తులమ్మే కొట్టొకటి ఉంది. రోజూ బస్సు కిటికీలోంచి చూసి చూసి, ఒక సెలవురోజున లోపలికి అడుగుపెట్టాను.

కొట్టాయన సన్నగా, పొడుగ్గా, తన సరుకులాగే ఉన్నాడు. "ఏం కోస్తారమ్మా?" అన్నాడు.

"అన్నీ."

"అన్నీ కోసే కత్తి ఏదీ బాగా కోయదు. ఎక్కువగా ఏం కోస్తారు?"

ఉల్లిపాయలు, క్యాబేజీ, క్యారెట్లు, ఎప్పుడైనా చేప అన్నాను. అంటూనే అద్దాల బీరువాలోంచి నాజూగ్గా మెరుస్తున్న ఒక పొడుగాటి కత్తిని అందుకున్నాను. ఎడమ చేత్తో. నాది పుర్రచేతివాటం.

ఆయన నెమ్మదిగా దాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు. "ఇది ఒకవైపే పదును పెట్టిన కత్తి, కుడిచేతివాళ్ల కోసం చేసింది. మీ చేతిలో మీరొకటి తలిస్తే అదొకటి తలుస్తుంది. ముక్క పక్కకి పోతుంది." తరవాత వెడల్పాటి కత్తి ఒకటి తీసి, ఒక క్యారెట్టుతోపాటు చెక్క పలక మీద పెట్టాడు. "దీన్ని శాంతోకు అంటారు. కూరగాయలు, చేప, మాంసం మూడింటికీ పనికొస్తుంది. రెండువైపులా సమంగా పదునుంది, పిడి ఎనిమిది పలకలది, ఏ చేతికైనా ఒదుగుతుంది. కోసి చూడండి. కోయకుండా నేను అమ్మను."

కోశాను. క్యారెట్టుకి తను రెండు ముక్కలైన సంగతి తెలిసినట్టు లేదు.

"ఇదే కత్తి రెండు రకాల ఉక్కుతో వస్తుంది" అన్నాడు. "ఒకటి తుప్పుపట్టదు. రెండోది ఎక్కువ పదునెక్కుతుంది గానీ, తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. వాడగానే కడిగి తుడవాలి."

"రెండోదే ఇవ్వండి. మా ఇంట్లో ఒక్క నీటిచుక్కని కూడా బతకనివ్వని మనిషి ఉంది" అన్నాను.

ఆయన కత్తిని కాగితంలో చుడుతూ, "ఉక్కు గట్టిది కాబట్టి వంగదు, విరుగుతుంది. ఎముకలు కొట్టకండి, ఫ్రిజ్‌లో గడ్డకట్టినవి కోయకండి, రాతి బండ మీద కోయకండి. ఇక మీ ఓపిక" అన్నాడు.

కొత్త పిచ్చోడు పొద్దెరగడంటారే, ఆ వారమంతా నాది అదే వాలకం. అవసరం లేకపోయినా క్యాబేజీ తరిగేదాన్ని. ముక్కలు కాగితంలా రాలుతుంటే మా ఆయన గిన్నె పట్టుకుని పక్కన నిలబడి పచ్చివే తినేసేవాడు. అత్తగారు మాత్రం నేను కత్తి కింద పెట్టీ పెట్టగానే గుడ్డతో తుడిచేసేది. రెండువైపులా తుడిచి, వెలుతురుకెత్తి చూసి, చెక్క పెట్టెలో పెట్టేది. అది తప్పు వెతికే చూపులా లేదు.

ఆ ఆదివారం మా ఆయన వంటింటి కిటికీకి రంగేస్తున్నాడు. నిచ్చెన మీదనుంచి, "అమ్మా, ఆ డబ్బా మూత కాస్త తియ్యవే" అన్నాడు. నేను పెరట్లో బట్టలారేస్తున్నాను. అత్తగారు తుడుస్తూ చేతిలో పట్టుకున్నదాన్నే మూత కింద దూర్చి పైకి ఎత్తింది. టక్‌మని చప్పుడు. నేను పరుగెత్తుకొచ్చేసరికి మూత అలాగే ఉంది, కత్తి మొన వడ్లగింజంత ఊడి నేలమీద పడి ఉంది.

లోకంలో ప్రతి మరకనీ పేరుపెట్టి పిలిచే మనిషి ఆ ముక్కని ఏరి, కొంగుతో తుడిచి, నా అరచేతిలో పెట్టింది.

"పోన్లెండి అత్తయ్యా" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "నీ నోరు పోన్లెమ్మంటోంది, నీ మొహం ప్రాణం తీస్తోంది. పద, ఆ కొట్టెక్కడో చూపించు."

మర్నాడు ఇద్దరం వెళ్లాం. కొట్టాయన కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతేనా! దీన్ని కింద పదునువైపు అరగదీస్తే కత్తి సగం పోతుంది. పైన వెన్నువైపునుంచి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వస్తే మొన మళ్లీ దిగుతుంది. నేను చేసిపెట్టనా, మీరు నేర్చుకుంటారా?" అని అడిగాడు.

"పాడుచేసింది నేను. నాకు నేర్పు" అంది అత్తగారు.

ఆయన సానరాళ్లు తీసి నీళ్లలో వేశాడు. బుడగలు బుసబుస పైకొచ్చాయి. "బుడగలు ఆగేదాకా నాననివ్వాలి. ముందు గరుకు రాయి, తరవాత నున్నటిది" అంటూ వెన్నుని రాయికి ఆనించి కాసేపు రుద్ది చూపించాడు. అత్తగారు ముందుకు వంగి, రాయి మీద పేరుకున్న బూడిదరంగు బురదని వేలితో తాకింది. చాలా ఏళ్ల తరవాత చుట్టం ఎదురైనట్టు ఆవిడ మొహం విచ్చుకుంది. "ఈ బురద కడక్కూడదు కదూ? పని చేసేది ఇదే" అంది.

"కడక్కూడదు!" అన్నాడాయన సంబరంగా. ఆ తరవాత ఇద్దరూ నన్ను మర్చిపోయారు.

ఇంటికొచ్చి ఆవిడ వెన్ను అరగదీసింది. మొన చక్కగా దిగింది. ఇక పదును పెట్టడం మొదలుపెట్టింది చూడండి, అక్కడ పడింది చిక్కు. ఇన్నేళ్లూ గాజుని గుండ్రంగా తిప్పిన మణికట్టు అది. రాయి మీద కత్తి పెట్టగానే తనంతట తనే ఊగేది. సాయంత్రానికి పదునంచు కాస్తా మొద్దుబారి కూర్చుంది. కోతిపుండు బ్రహ్మరాక్షసి అవుతోందని నాకు లోపల గుబులు. టమాటా మీద పెడితే కత్తి జారిపోయింది.

"గాజుకి గుండ్రం కావాలి. దీనికి గుండ్రమే శత్రువు" అని ఆవిడ తనలో తను గొణుక్కుంది.

"వదిలెయ్యమ్మా, కొట్టాయనకిద్దాం" అన్నాడు మా ఆయన.

"ఒరేయ్, నువ్వు గోడ వంకరైతే వదిలేస్తావా?"

"నువ్వు వదలనిస్తేగా!"

మర్నాడు ఆవిడ అగ్గిపెట్టె ఒకటి పట్టుకొచ్చింది. రాయి మీద దాన్ని పడుకోబెట్టి, కత్తి వెన్నుని దానికి ఆనించి, "ఇదీ ఎత్తు. ఇంతకన్నా లేవకూడదు, పడకూడదు" అని చేతికి చెప్పుకుంది. తరవాత అంచు పొడుగునా మార్కర్‌తో నల్లగా గీత గీసింది. అగ్గిపెట్టె తీసేసి, ఒక్కసారి రాయి మీద లాగి, తిప్పి చూసింది. గీత ఎక్కడ చెరిగిందో అక్కడ రాయి తగిలినట్టు, ఎక్కడ మిగిలిందో అక్కడ తగలనట్టు. మళ్లీ గీసింది, మళ్లీ లాగింది. మణికట్టు ఊగితే, "ఏయ్!" అని దాన్నే కసిరేది. నేను టీ పెట్టి ఇస్తే చల్లారిపోయింది, మళ్లీ వేడిచేసి ఇస్తే అదీ చల్లారిపోయింది.

గీత అంతా సమానంగా చెరిగాక, నన్ను పిలిచి నా వేలిని అంచుకి రెండోవైపు మెల్లగా తాకించింది. సన్నటి గరుకు తగిలింది. "ఇటు అరిగినదంతా అటు మడతపడింది. ఇప్పుడు తిప్పి అటు రుద్దాలి" అంది. రెండోవైపు కూడా అయ్యాక, నున్నటి రాయి మీద ఒత్తిడి లేకుండా, పసిపిల్లకి నూనె రాసినట్టు రాసింది. కడిగింది, తుడిచింది.

"పట్టు. నీ కత్తి నువ్వే చూసుకో."

టమాటా మీద కత్తి ఆనించి వెనక్కి లాగాను. నేను నొక్కలేదు. దాని బరువుకి అదే దిగిపోయింది. పలచటి ముక్క పలక మీద పడుకుంది, ఒక్క గింజ కూడా చెదరలేదు. ఆ ముక్కని ఎత్తి కళ్లకి అడ్డం పెట్టుకుంటే, అందులోంచి అత్తగారు ఎర్రగా కనిపించింది. నేను నవ్వాను. ఆవిడ పగలబడి నవ్వింది. ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఆ నవ్వు వినడం నాకదే మొదటిసారి. "ఇలా తే" అని కత్తి లాక్కుని, బుట్టలో ఉన్న టమాటాలన్నీ కోసేసింది. ఆ పూట మా ముగ్గురికీ భోజనం టమాటాలే.

అక్కణ్నుంచి మా వసారా రూపు మారిపోయింది. ముందు మా క్యాంటీన్ కత్తులొచ్చాయి. తరవాత పక్కింటివాళ్లవి, మూలమీద రొట్టెల బట్టీవాడిది. చివరికి కొట్టాయన కూడా తనకి తీరికలేనప్పుడు మనుషుల్ని మా ఇంటికే పంపడం మొదలుపెట్టాడు. అత్తగారు పొట్టి బల్లమీద కూర్చుని, పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకుని, కత్తిని చూసే ఇంటి సంగతి చెప్పేసేది.

"రాతి బండ మీద కోస్తున్నారా?"

"అబ్బే, లేదండీ."

"నాతో అబద్ధమాడినా ఫర్వాలేదు, ఇది ఆడదు. చెక్క పలక కొనుక్కోండి. బండ మీద కోస్తే నేనెంత పదును పెట్టినా వారం నిలవదు."

తిట్లు తిని కూడా జనం నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు, మళ్లీ వచ్చేవాళ్లు.

మొన్న ఒకరోజు, "అమ్మాయ్, చెప్పులేసుకో, కొట్టుకి వెళ్దాం" అంది. రాళ్లేమైనా అరిగాయా అంటే కాదంది. కొట్టాయన ఎదురొచ్చి కుర్చీ వేశాడు.

"అందరి కత్తులూ పట్టుకున్నాను. నాకూ ఒకటి కావాలి" అంది ఆవిడ, కొంచెం సిగ్గుపడుతూ.

ఆయన ఉత్సాహంగా, అలలు అలలుగా గీతలున్న కత్తి ఒకటి తీశాడు. అత్తగారు ఒక కన్ను మూసి అంచు పొడుగునా చూసి, "అందంగా ఉంది నాయనా, కానీ నా చేతికి బరువు" అని పక్కన పెట్టింది. ఒక్కొక్కటే పట్టి చూసింది. పిడి చుట్టూ వేళ్లు ముడిచి, విప్పి, మళ్లీ ముడిచి చూసింది. కొట్టాయన విసుక్కోకుండా దోసకాయలు అందిస్తూనే ఉన్నాడు. చివరికి అరచెయ్యంత చిన్న కత్తి, ఏ హంగూ లేనిది, ఆవిడ చేతిలో ఆగింది. దోసకాయ తొక్కని తెగకుండా చుట్టూ తీసింది, రిబ్బనులాగా మోచేతిదాకా వేలాడింది. కొట్టాయన చప్పట్లు కొట్టాడు. "ఇదే" అంది.

దారి పొడుగునా ఆ పొట్లం నన్ను పట్టుకోనివ్వలేదు. ఇంటికి రాగానే నన్ను వంటింట్లోంచి బయటికి పంపేసి, ఉన్న కూరగాయలన్నీ ముందేసుకుంది. నేనూ మా ఆయనా గుమ్మంలో నిలబడి చూస్తుంటే, తలెత్తకుండానే, "ఊరికే నిలబడతారేం, గిన్నెలు పట్రండి" అంది.