మేక మేసిన కారు అంచు

కార్లు గోడకు గుద్దుకుని పాడవడం మీరు చూసే ఉంటారు. గుంతలో దిగబడి పాడవడమూ చూసుంటారు. మా కారును మాత్రం మేకలు మేశాయి. అవునండీ, మేశాయి. పట్టపగలు, పదిమంది చూస్తుండగా, అదీ నా పెళ్ళిచూపుల రోజున. ఈ కథ ఇన్నాళ్ళూ మా చుట్టాల నోళ్ళలో పడి ఊళ్ళు తిరిగింది. చెప్పిన ప్రతివాళ్ళూ తలా ఒక మేకను కలుపుతూ పోయారు. మొన్న ఎవరో ఏకంగా మంద అన్నారట! ఇంక లాభం లేదు, అసలు సంగతి నేనే చెప్పేస్తాను. మీరు నవ్వుకోండి, నాకేం బాధ లేదు. కొంచెం ఉంది, అయినా నవ్వుకోండి.

మాది ధర్మవరం, పట్టుచీరల వ్యాపారం. మా నాయన లెక్కలో ప్రపంచంలో వస్తువులు రెండే రకాలు: అంచు ఉన్నవి, అంచు లేనివి. సెకండ్ హ్యాండులో కారు కొనడానికి అనంతపురం వెళ్ళినప్పుడు ఆయన ఇంజను చూడలేదు, టైర్లు చూడలేదు. తెల్లకారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందర గ్రిల్లు, కిటికీల కింద పట్టీలు, తలుపుల పిడులు, డిక్కీ మీద అడ్డపట్టీ, అన్నీ క్రోమ్‌తో తళతళలాడుతున్నాయి. వేలితో ఒకచోట రాసి చూసి, "జరీ బాగుండాది, తీసుకుందాం" అన్నాడు. అమ్మేవాడికి ఏమీ అర్థం కాలేదు. కానీ బేరం కుదిరింది కాబట్టి అడగలేదు.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం నాయన మెత్తటి పంచె గుడ్డతో ఆ క్రోమ్‌ను తుడవడం, దాంట్లో తన మీసం చూసుకోవడం. నాకేమో ఆ మెరుపు చూస్తే తల తీసేసినట్టుండేది. స్టీలు సామాన్ల అంగడి చక్రాలేసుకుని రోడ్డెక్కినట్టు ఉంది కదా అనిపించేది. ఫోనులో వీడియోలు చూస్తే, షోకైన కార్లన్నిటికీ క్రోమ్ కనపడకుండా నల్లగా కప్పేస్తున్నారు. చూసి చూసి నాకు పిచ్చి పట్టింది.

అప్పుడే మడకశిర నుంచి వాణి సంబంధం వచ్చింది. బెంగళూరులో చేనేత డిజైను చదువుకున్న అమ్మాయి. ఫోటో చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. సరే, సహించింది, కానీ ఏం తింటున్నానో తెలియలేదు. అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ ఏదో ఒక వంకతో తప్పిపోయాయి. ఒకరైతే "పిల్లోడు బాగుండాడు గానీ పాతకాలం మనిషి మాదిరి ఉండాడు" అన్నారట. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఈ అమ్మాయి దగ్గర ఆ మాట రాకూడదు. ఈ సంబంధం తప్పిందంటే ఇంక నా మొహం నేనే చూసుకోలేను.

పెళ్ళిచూపులకు ముందురోజు పొద్దున్నే రాప్తాడులో స్టిక్కర్ల అంగడి నడిపే నా స్నేహితుడు ఖాజా దగ్గరికి పరిగెత్తాను.

"ఏమప్పా, ఆయమ్మి బెంగళూరులో సదివింది అంటివి. నువ్వేమో ఈ బ్యాండుమేళం మాదిరి కారేసుకోని పోతావా?" అన్నాడు ఖాజా కారును కిందికీ మీదికీ చూసి.

"అందుకే కదన్నా వచ్చింది. ఏం చేయల్ల?"

"నల్ల స్టిక్కరు కొట్టేస్తాం. కారు పులి మాదిరి అయితాది."

"పులి నల్లగుంటాదా?"

"మనది ఉంటాదిలే. అయితే ఈ పొద్దు నాకు చేతినిండా పనుండాది. సాయంత్రం రా. సల్లబడినాక, నీడలో, నిదానంగా ఎయ్యల్ల. ఎండలో మాత్రం ఎయ్యకూడదు, ఇనపడిందా?"

వినపడింది. వినపడినా, అక్కడున్న స్టిక్కరు చుట్ట ఒకటి చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. అనంతపురం జిల్లా మే నెల, మిట్టమధ్యాహ్నం, మిద్దె ముందర నీడ అనేది లేనిచోట కారు నిలిపి, నేనే కత్తెర పట్టాను. క్రోమ్ మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది. అయినా ఊదుకుంటూ, ఉఫ్ ఉఫ్ అనుకుంటూ, కనపడిన మెరుపునంతా నల్లగా కప్పేశాను. దూరంగా నిలబడి చూసుకుంటే ఒళ్ళు పులకరించింది. సరిగ్గా అప్పుడే నాయన భోజనానికి వచ్చాడు.

"ఎవురు సచ్చిపోయినారురా?"

"ఎవురూ లేదు నాయనా. ఇది స్టైలు."

"స్టైలా? రేపు శుభమా అని పెండ్లిచూపులకు పోతా, నల్లంచు కారులో పోతామా? మన అంగట్లో పెండ్లిచీరకు నల్లంచు యాడన్నా చూసినావా?"

"ఇది చీర కాదు నాయనా, కారు."

"శుభకార్యానికి పోయేది ఏదైనా చీరే! రేపు పొద్దున కల్లా నా జరీ నాకు కనపడల్ల." అంతే, అన్నం కూడా ముట్టకుండా అంగడికి వెళ్ళిపోయాడు. నాయన అన్నం మానేశాడంటే విషయం ఎంత దూరం పోయిందో మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

పీకడం మొదలుపెట్టాను. ఎండకు కాగి, ఆ స్టిక్కరు కారును కావలించుకుని కూర్చుంది. లాగితే ముక్కలు ముక్కలుగా వస్తోంది. వచ్చిన ముక్క ఊరికే రాదు, కింద ఉన్న క్రోమ్‌ను కూడా పొరలు పొరలుగా వెంటబెట్టుకుని వస్తోంది. కిరసనాయిలు రాశాను. దాంతో జిగురు కరిగి ఇంకా బాగా పాకింది. చివరికి మిగిలింది ఏమిటయ్యా అంటే, ఒకచోట నల్లటి బంక, ఒకచోట బూడిదరంగు ప్లాస్టిక్కు, మధ్యలో అక్కడక్కడా మెరిసే చుక్కలు.

అమ్మ బయటికొచ్చి చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఓరి దేవుడా! కారుకు అమ్మవారు పోసినట్టుండాది కదరా!"

"అమ్మా, నాయనకు చెప్పొద్దమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటా. ఈ సంబంధం తప్పిపోతే నేను బతకలేను."

"బతుకుతావులే గానీ, ఇప్పుడేం చేస్తావు చెప్పు."

అప్పుడు వచ్చింది నాకు ఆలోచన. ఇంకెవరికైనా వస్తుందా? రాదు. పుట్టినప్పటినుంచీ జరీ మధ్యన పొర్లినవాడికే వస్తుంది. అటక మీద చెడిపోయిన చీరల నుంచి కోసి పెట్టిన వెండిజరీ అంచులు మూట కట్టి ఉన్నాయి. తెచ్చాను. గట్టి గమ్ము రాస్తే రేపు మళ్ళీ పీకలేక చావాలి, అదే మైదా అయితే నీళ్ళతో కడిగితే పోతుంది. ఇంత తెలివి నాకు ఎక్కడినుంచి వచ్చిందా అని నేనే ఆశ్చర్యపోయాను. అమ్మ గిన్నెడు మైదాజిగురు కాచిచ్చింది. పొద్దు వాలేలోపల గ్రిల్లుకు, కిటికీలకు, పిడులకు, డిక్కీకి అంచు కట్టేశాను. నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే, అబ్బా! ఆ కారు కొన్ననాడు కూడా అంత మెరవలేదు.

చిక్కల్లా ఒకటే. జరీ మీద మా నాయన వేలు పడిందంటే అది ఎవరు నేసింది, ఏ చీరది అన్నీ చెప్పేస్తాడు. అందుకని పొద్దున్నే అమ్మ ఆయన కళ్ళజోడు తన కొంగులో ముడేసుకుంది. నేను తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను.

నాయన అరుగు మీది నుంచి చూసి, "ఆఁ, ఇప్పుడుండాది కళ!" అన్నాడు. ముట్టుకోబోతుంటే నేను అడ్డం పడి, "నువ్వు కూచో నాయనా, నేనేస్తా తలుపు" అన్నాను.

"ఏమిరా, ఈ పొద్దు ఇంత మర్యాద?"

"పెద్దోళ్ళకు మర్యాద చేయల్ల కదా నాయనా."

"ఇన్నాళ్ళకు తెలిసిందా?" అని కూర్చున్నాడు. కారు కదిలిన తర్వాత గానీ అమ్మ కళ్ళజోడు ఇవ్వలేదు.

పెనుకొండ దాటిన తర్వాత ఎదురుగాలి ఎక్కువైంది. అంచు కొస ఒకటి లేచి, కిటికీ పక్కన పటపటమని కొట్టుకోసాగింది. నా గుండె కూడా దాంతోపాటే కొట్టుకుంది.

"అదేందో ఎగురుతాండాదే?" అన్నాడు నాయన.

"శుభానికి పోతాండామని వాడు రిబ్బను కట్టినాడులే" అంది అమ్మ, రెప్ప కూడా ఆర్పకుండా.

"మంచి పని చేసినాడు" అన్నాడు నాయన. నా జీవితంలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. అది కూడా అబద్ధానికి.

వాణి వాళ్ళ ఇల్లు మడకశిర ఊరి చివర, శెనక్కాయ చేల పక్కన. ఎండకు మైదా ఎండి పగులుతుందేమోనని నేను కారును బుద్ధిగా వేపచెట్టు నీడలో నిలిపాను. ఆ నీడలోనే వాళ్ళ మేకలు పడుకుని ఉన్నాయి. మేకలకు, మైదాకు ఉన్న సంబంధం మీకు నేను చెప్పాలా? గోడల మీద పోస్టర్లు ఎందుకు మిగలవో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ రోజు తప్ప.

వాళ్ళింట్లో పెత్తనమంతా వాణి అవ్వది. "రాండప్పా, రాండి" అని కూర్చోబెట్టి ఓళిగలు పెట్టించింది. వాణి వచ్చి మా నాయనతో "నమస్తే సార్" అని, అమ్మకు దండం పెట్టి, నన్ను ఒకసారి చూసి కూర్చుంది. ఫోటోలోకంటే బాగుంది. నా చేతిలో ఓళిగ అలాగే నిలిచిపోయింది.

"ఏమప్పా, నీకు చేతిపని ఏమన్నా వచ్చునా?" అని అడిగింది అవ్వ నన్ను.

నేను నోరు తెరిచే లోపల గడప దాటి ఒక మేక లోపలికి వచ్చింది. తాపీగా నములుతోంది. దాని నోటి నుంచి మూర పొడుగు వెండిజరీ అంచు వేలాడుతోంది.

నాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. వంగి, మేక నోటి దగ్గరి కొసను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని రాశాడు. "ఇది మన అంగట్లోదే! ఎలక కొట్టిందని పక్కన పెట్టిన చీరది!" అని, అవ్వ వైపు తిరిగి, "ఈ మేక ధర్మవరానికి ఎప్పుడొచ్చిందమ్మా?" అన్నాడు.

అందరం బయటికి పరిగెత్తాం. ఒక మేక గ్రిల్లు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మేస్తోంది. ఇంకొకటి రెండుకాళ్ళ మీద లేచి కిటికీ అంచును పళ్ళతో ఒలుస్తోంది. డిక్కీ దగ్గర రెండు మేకలు ఒకే పట్టీ కోసం కొమ్ములు కలిపాయి.

"ఏమప్పా," అంది అవ్వ నిదానంగా, "మీ కారు చీర కట్టుకోని వచ్చినాదా?"

వాణి మాత్రం నవ్వలేదు. "అవ్వా, జరీ మింగితే కడుపులో చుట్టుకుంటాది! పట్టుకోండి!" అని అరిచింది. లోపలికొచ్చిన మేక అప్పటికే చేను వైపు దౌడు తీసింది. నేను దాని వెంట పడ్డాను. ఇస్త్రీ చొక్కా, సెంటు వాసన, అన్నీ పెంటదిబ్బ మీద పడ్డాయి. ఎలాగో వెనకకాళ్ళు దొరకబుచ్చుకున్నాను. వాణి వచ్చి దాని దవడలు నొక్కి పట్టింది.

"మెల్లగ లాగు. తెంపొద్దు."

మేకను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని లాగాను. వస్తోంది, వస్తోంది, ఎంతకీ అయిపోదే! మేకకు ఇటు నేను, అటు వాణి. ఇంత దగ్గరగా పెళ్ళిచూపులు ఎవరికీ జరిగి ఉండవు.

"ఎవురు చేసినారు ఈ పని?" అంది.

"నేనే. ముందు నల్ల స్టిక్కరు ఏసినా. నాయన తిట్టినాడు. పీకితే క్రోమ్ పోయింది. అందుకని జరీ అంటించినా. మైదాతో."

"నల్ల స్టిక్కరు ఎందుకు?"

"నీకు నచ్చుతాదని."

అంచు చివరి కొస బయటికి వచ్చేసింది. వాణి మేకను వదిలేసి కారు దగ్గరికి నడిచింది. నాకు నిజంగానే ఏడుపు వచ్చింది. అక్కడ మిగతా మేకలను అప్పటికే కట్టేశారు. నాయన తలొంచుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, పరువు పోయిన మనిషిలా నిలబడి ఉన్నాడు. ఆయనను అలా నేనెప్పుడూ చూడలేదు. ఈ అమ్మాయి నాకు దక్కదు, నాయన నాతో మాట్లాడడు, ఇంక ఈ మేకలతోనే ఉండిపోదామా అనుకున్నాను.

వాణి గ్రిల్లు ముందర గొంతుక్కూర్చుంది. మేకలు తిన్నచోట నల్లటి బంక, వదిలినచోట జరీ. తల అటు ఇటు వంచి చూసింది. ఫోను తీసి ఫోటో కొట్టింది. తర్వాత వెనక్కి తిరిగి, "మామా, ఇట్ల రాండి. నలుపు, జరీ, మళ్ళా నలుపు. ఈ మాదిరి అంచు నేస్తే ఎట్లుంటాది?" అంది.

నాయన వచ్చి పక్కన కూలబడ్డాడు. ముక్కు గ్రిల్లుకు తగిలేదాకా వంగాడు. "నలుపు పక్కన పడితే జరీ ఇంత లేస్తాదా! ఇన్నేండ్లు నేను చూడలేదు తల్లీ. అయితే జరీ ఇంకా సన్నగ పడల్ల."

"అవును మామా, కొంగులో మాత్రం తెంపులేకుండా."

అవ్వ కర్ర పొడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. "ఏమే, ఏమన్నావు?"

"అంచు గురించి అవ్వా."

"అంచు సంగతి నాకెందుకే. వచ్చినప్పుడు సార్ అంటివి. ఇప్పుడు మామా అంటాండావే!"

వాణి నాలుక కరుచుకుంది. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మాత్రం ఇంకా వెలగలేదు, చేతిలో మేక ఉమ్మి కారుతున్న అంచు పట్టుకుని నిలబడ్డాను. నాయనకైతే ఇవేవీ వినపడలేదు, ఆయన గ్రిల్లులో ఉన్నాడు. పెళ్ళిచూపులు నాకో మా నాయనకో తెలియకుండానే ముహూర్తం మాట్లాడేసుకున్నారు.

పెళ్ళికి చీర ఎర్రంచుదే, దాంట్లో నాయన ఒక్క పోగు కూడా తగ్గలేదు. పెళ్ళయిన తర్వాత మాత్రం కోడలు గీసిచ్చిన నల్లంచు చీరను తనే మగ్గం పక్కన కూర్చుని నేయించాడు. నేను నల్లగా చేస్తే అన్నం మానేసిన మనిషి! ఆ చీరను మా అంగట్లో 'మేకంచు' అంటారు. పేరెందుకు వచ్చిందని అడిగినవాళ్ళకు నాయన నన్ను చూపిస్తాడు.

ఈమధ్య కొత్త కారు చూడటానికి అందరం అనంతపురం షోరూముకు వెళ్ళాం. ఇప్పుడు వచ్చే కార్లకు కంపెనీవాళ్ళే గ్రిల్లు, పట్టీలు, పిడులు అన్నీ నల్లగా చేసి ఇస్తున్నారు, క్రోమ్ అనేదే లేదు. నాయన చుట్టూ తిరిగాడు. వేలితో రాసి చూశాడు. సేల్స్ అబ్బాయిని దగ్గరికి పిలిచి, జాలిగా అడిగాడు: "ఏమప్పా, మీ కంపెనీలో గూడా పెండ్లి కావాల్సినోడు ఎవడన్నా ఉండాడా?"

ఆ కారు మీదనే చెయ్యి పెట్టి, నాయన, అమ్మ, వాణి సాక్షిగా నేను ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ కారుకూ ఏదీ అంటించను. ఒకవేళ అంటించినా మైదాతో అంటించను. మైదాతోనే అంటించాల్సి వస్తే మడకశిరకు మాత్రం పోను.

చివరిదానికి వాణి ఒప్పుకోలేదు.