‘చదివిన’ అని రాసే సారు

సారు పోయిన కబురు నాకు సారు పేరు మీదే వచ్చింది. బోధన్ బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో మెయిల్ తెరిచేసరికి అన్నిటికంటే పైన ఆయన పేరు కనబడింది. ఇరవై రోజులుగా ఆ పేరు కోసమే చూస్తున్నాను కాబట్టి ఆత్రంగా నొక్కాను. లోపల నాలుగు ముక్కలున్నాయి. "నేను సారు బిడ్డను. మా అబ్బా శుక్రవారం పొద్దుగాల పోయిండ్రు. మీకు చెప్పుమన్నరు. మీరు రాస్తె నేను చదువుత." పక్క కుర్చీలో ఎవరో పరీక్ష ఫలితాలు చూసుకుంటూ గట్టిగా నవ్వుతున్నారు. జవాబు రాద్దామని కీబోర్డు మీద చేతులు పెట్టాను. డబ్బు కట్టిన అరగంట అయిపోయింది. లేచి వచ్చేశాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. నిజామాబాద్‌లో ఉర్దూ మీడియం బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. మా గుంపులో అందరికీ సారే.

గుంపు అంటే ఏమిటో చెప్పాలి. నా బిడ్డకు రెండేళ్లప్పుడు మెదడు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ, ఆ తర్వాత పిలిస్తే తిరిగి చూడడం మానేసింది. నిజామాబాద్ తీసుకుపోయాం, హైదరాబాద్ తీసుకుపోయాం. చెవి నరాలు దెబ్బతిన్నాయి, చేసేదేమీ లేదన్నారు. వినని పిల్లకు చదువు చెప్పడం తనకు రాదని మా వాడకట్టు బడి పంతులమ్మ ఉన్నమాట చెప్పేసింది. మా ఆయన చెరుకు లారీ డ్రైవరు, సీజన్‌లో ఇంటి పట్టున ఉండడు. నేను ఇంటర్ దాకా చదివి, బీడీలు చుట్టుకుంటూ, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరం ఒకరికొకరం ఏమీ చెప్పుకోలేని పొద్దులు గడుపుతున్నాను. అలాంటప్పుడు ఎవరో పేపరు ముక్క తెచ్చిచ్చారు. చెవిటి పిల్లలకు ఇంట్లోనే చదువు నేర్పడం ఎలాగో ఇంటర్నెట్‌లో చెబుతారట. వారానికొక పాఠం మెయిల్‌లో వస్తుంది. నేర్చుకునే వాళ్లంతా ఒక గుంపుగా ఉంటారు, ఒకరు రాసింది అందరికీ పోతుంది. మొదటి పాఠం మొదటి వాక్యమే ‘ఒకరి నుంచి ఒకరు నేర్చుకోండి’ అని.

నేర్చుకోవాలంటే ముందు ఒకరితో ఒకరు మాట్లాడాలి కదా. నాలుగు నెలలు నేను ఒక్క ముక్క రాయలేదు. అక్కడ అందరూ ఇంగ్లీషులో రాసుకునేవారు. గోడ ఇవతల నిలబడి పక్కింటి పెండ్లి చూసినట్టుండేది నాకు. చివరికి తెగించి, ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాశాను. నా బిడ్డకు ఐదేళ్లు వచ్చాయి, నన్ను అమ్మా అని పిలవదు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి అని. పదకొండు రోజులు జవాబు లేదు. రోజూ పోయి చూసేదాన్ని. నా మాట మీద వేరేవాళ్ల ముచ్చట్లు పేరుకుంటూ పోయాయి. అయినవాళ్ల ముందు ఏనాడూ కన్నీరు పెట్టనిదాన్ని ఆ తెర ముందు ఏడ్చాను.

పన్నెండో రోజు ఒక జవాబు ఉంది, నా లాగే ఇంగ్లీషు అక్షరాల్లో. "చదివిన బేటీ. జవాబు నాకు తెల్వది. తెల్సుకోని రాస్త. నువ్వు రాసుడు ఆపకు."

అది ఒక్క నాకే కాదని తర్వాత తెలిసింది. గుంపులో ఎవరి మాట అనాథగా పడి ఉన్నా, దాని కింద ఆయన ‘చదివిన’ అని రాసేవారు. అలా ఎందుకు రాస్తారని ఒకసారి అడిగాను. "జవాబు లేకున్న ఫికర్ లేదు. చదివినోడు ఒకడున్నడని తెల్వాలె. లేకుంటె మనిషి బాయిల రాయేసి సప్పుడు కోసం చెవులు పెట్టుకోని కూసుంటడు" అని రాశారు.

నేను సెంటర్‌కు పోయేసరికే ఆయన మెయిళ్లు వచ్చి ఉండేవి. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. ప్రతి జవాబు చివర ఒక ప్రశ్న ఉండేది. బిడ్డ ఇవాళ దేన్ని చూసి నవ్వింది, ఏది కావాలని చెయ్యి చాపింది, అన్నం పెట్టేముందు నీ మొఖం చూసిందా, గిన్నె చూసిందా. నాకు విసుగొచ్చి, ఏం చేసినా నేర్చుకోవడం లేదని రాస్తే, "నేర్సుకోలేదని రాయకు. ఏం చేసినవో స్టెప్పులు రాయి. తప్పు ఏ మెట్టు కాడ అయ్యిందో అండ్లనే కనవడ్తది" అనేవారు. లెక్కల సారు కదా. ఫోన్ నంబరు మాత్రం ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. ఒక్కసారి మాట వినాలని ఉంది సార్ అంటే, మాట మార్చేవారు. ఎంత రాసినా నేను ఆయనకు బయటిదాన్నే అనుకుని మనసు చిన్నబుచ్చుకునేదాన్ని.

చెరుకు సీజన్‌లో ఒక రోజు నా బిడ్డ చెయ్యి విడిపించుకుని రోడ్డు మీదికి ఉరికింది. వెనక చెరుకు ట్రాక్టరు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు, ఆ హారన్ ఊరందరికీ వినబడింది, ఒక్క దానికి తప్ప. బ్రేకు వేసిన ఊపుకి గడలు జారి రోడ్డంతా పడ్డాయి. బిడ్డకు ఏమీ కాలేదు. డ్రైవరు దిగి నన్ను తిట్టాడు. నేను బిడ్డను కొట్టాను. ఎందుకు కొడుతున్నానో దానికి తెలియదు, చెప్పే దారి నాకు లేదు. ఇంటికి తెచ్చి, పాత చీర చించి, దాని కాలు మంచం కోడుకు కట్టేసి, తలుపు దగ్గరికేసి సెంటర్‌కు వచ్చాను. జరిగినదంతా గుంపులో రాశాను. కట్టేసి వచ్చానని కూడా రాశాను. ఇంక నా వల్ల కాదు, మేమిద్దరం లేకపోతేనే మంచిదని రాశాను.

అప్పటికప్పుడే ఒక జవాబు వచ్చింది. పెద్ద చదువులు చదివిన ఒకామె, పిల్లను కట్టేయడం నేరమనీ, నాలాంటి తల్లుల వల్లే ఈ పిల్లలు ఇలా అవుతున్నారనీ ఇంగ్లీషులో పొడుగ్గా రాసింది. తక్కినవాళ్లు ఎవరూ నోరు విప్పలేదు. ఆ ఇంగ్లీషును కూడబలుక్కుని చదువుకుంటూ ఉండగానే దాని మీద ఇంకొకటి వచ్చి కూర్చుంది.

"చదివిన. లే. ఇంటికి పో. మొదలు ముడి ఇప్పు. ఇయ్యాల ఏం నేర్పకు. రేపు పది గంటలకు నేను బోధన్ వస్త. నువ్వు సెంటర్ కాడ బిడ్డతోని నిలబడు."

ఇంటికి పరుగెత్తాను. ముడి విప్పాను. బిడ్డ ఏడవలేదు, నన్ను చూడనూ లేదు. కాలికి గీతలా ఎర్రగా కమిలింది. ఆ చీర ముక్కను పొయ్యిలో వేసినా, ఆ గీత ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

మర్నాడు పది గంటలకు సెంటర్ ముందు నిలబడ్డాను. నిజామాబాద్ బస్సు దిగి తెల్ల గడ్డపు పెద్దమనిషి ఒకాయన సంచి పట్టుకుని నడిచి వచ్చాడు. మెడకు మఫ్లర్ లాగా తెల్లగుడ్డ చుట్టి ఉంది. నమస్తే సార్ అన్నాను. ఆయన చెయ్యి ఎత్తి సలాం చేశారు. ఎలా వచ్చారు, తోవ దొరికిందా అని అడిగాను. ఆయన సంచిలోంచి పలక తీసి, నిలబడే, వంకర తెలుగులో రాసి చూపించారు. ‘గొంతు తీసేసిండ్రు. రెండేండ్లయింది. మాట రాదు.’

ఫోన్ నంబరు కోసం నేను పెట్టిన సతాయింపు అంతా గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. ఆయన నా సంగతి పట్టించుకోకుండా, సెంటర్ అరుగు మీద నా బిడ్డ పక్కన కూర్చున్నారు. అది ఆయన నోటి వంక చాలాసేపు చూసింది. మనుషుల నోళ్లు ఆడుతూనే ఉంటాయి, అవి ఏం చేస్తున్నాయో దానికి అర్థం కాదు. ఈయన నోరు కదలడం లేదు. మెల్లగా దగ్గరికి జరిగి, ఆయన చేతిలో బలపం లాక్కుంది. పలక మీద అడ్డదిడ్డంగా గీసింది. ఆయన దాని కిందే అలాగే గీశారు. అది ఇంకోటి గీసింది. ఆయన అదీ గీశారు. ఒక పూటంతా ఇంతే. పాఠమేమీ చెప్పలేదు. పోయేముందు నాకోసం రాశారు, ‘గొంతు లేకుండ పాఠం ఎట్ల చెప్పొచ్చో నేర్సుకుందామని ఈ కోర్సుల చేరిన. నేను సుత నీలెక్కనే. నాకు రాదు. ఇద్దరం నేర్సుకుందాం.’

తర్వాత రెండేళ్లలో ఆయన ఏడెనిమిది సార్లు వచ్చారు. ఇంట్లో ప్రతి వస్తువుకూ పేరు రాసి అంటించమన్నారు. బిందెకు ‘నీళ్లు’, తలుపుకు ‘తలుపు’, నా జాకెట్టుకు పిన్నీసుతో ‘అమ్మ’. వాడకట్టు వాళ్లు నవ్వారు. చేతులతో మా ఇద్దరి సైగలు మేమే కట్టుకున్నాం, ఆకలికి ఒకటి, బాపుకు ఒకటి, వానకు ఒకటి. ఒకనాడు పొయ్యి దగ్గర, ఏమీ ఆశ లేకుండానే, ‘ఉప్పు’ అని కాగితం మీద రాసి చూపించాను. బిడ్డ లేచి పోయి ఉప్పు డబ్బా తెచ్చింది. ఆ డబ్బా మీద కాగితం ఎప్పుడో ఊడిపోయింది. అంటే దానికి నిజంగా తెలిసింది. బిడ్డ చెయ్యి పట్టుకుని సెంటర్‌కు ఉరికాను. గుంపులో రాస్తే, ఆయన జవాబు, "చదివిన. రేపు చక్కెర రాయి. రెండు తెల్లగనే ఉంటయి, తేడా తెల్వాలె."

ఆయనే నన్ను ఇంకొకరికి తోడు పెట్టారు. ఏర్గట్ల నుంచి ఒక తల్లి రాసింది, మూడేళ్ల కొడుకు వినడని. నువ్వు రాయి అని నాకు చెప్పారు. నాకేం తెలుసని రాయను, నా బిడ్డ ఉప్పు దాటి పోలేదు అన్నాను. "నీకు నిన్న తెల్సింది ఆమెకు ఇయ్యాల తెల్వది. గంతే" అన్నారు. రాశాను. ఆమె కూడా నాలాగే ఎన్నాళ్లో చదువుతూ ఊరుకున్నదట. అంతమంది ఉన్న గుంపులో ప్రతివాళ్లూ తామొక్కరమే గోడ బయట ఉన్నామనుకుంటున్నారని నాకు అప్పుడు తెలిసింది.

ఇక రాయడానికి చేతులు రానిది రాయాలి.

బిడ్డకు ఎనిమిదేళ్లు నిండాయి. హైదరాబాద్‌లో చెవిటి పిల్లల హాస్టల్ బడి నుంచి సీటు ఉందని ఉత్తరం వచ్చింది. పదిహేను రోజుల్లో చేర్చాలి. పంపితే చదువొస్తుంది. పంపితే, మా సైగలు తెలియని మనుషుల మధ్య అది వాన వస్తే ఎవరికి చెప్పుకుంటుంది? మా ఆయన నీ ఇష్టమన్నాడు. నేను సారుకు రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. అప్పటికే రెండు మూడు నెలలుగా ఆయన మెయిళ్లు తగ్గాయి, నాకు నా గోలే తప్ప అది ఎందుకని ఆలోచన రాలేదు. మూడోసారి కోపంతో రాశాను. మీరు కూడా అందరి లాగే, చదివిన చదివిన అని రాస్తే అయిపోతుందా, అడిగినప్పుడు లేని మనిషి ఎందుకు అని.

రెండు రోజులకు జవాబు వచ్చింది. ఒకే మాట. "చదివిన." అదే ఆఖరిది. హాస్టల్ గడువు దాటిపోయింది. బిడ్డ నా దగ్గరే ఉంది. అది మంచికో చెడుకో నాకు తెలియదు.

కబురు వచ్చిన నాలుగో రోజు, సారు బిడ్డను చిరునామా అడిగి, నా బిడ్డను తీసుకుని నిజామాబాద్ పోయాను. పాత ఊరిలో సన్నటి గల్లీ, వరుసగా మూడు గదుల ఇల్లు. సారు భార్య లోపల గోడకు ఒరిగి కూర్చుని ఉంది. నేనెవరో చెప్పగానే నా చెయ్యి పట్టుకుని, "బోధన్ బేటీ" అంది. గొంతు తీయించిన బీమారి మూడు నెలల కింద మళ్లీ తిరగబెట్టిందట. మంచం మీది నుంచి లేవలేకపోతే, బిడ్డ రోజూ సెంటర్‌కు పోయి మెయిళ్లన్నీ కాగితం మీద రాసుకొచ్చి చూపించేదట.

నా ఆఖరి మెయిల్ కూడా చూపించావా అని అడిగాను. సారు బిడ్డ తల ఊపింది.

"చూపించిన అక్కా. నాకు కోపమొచ్చింది. బీమారున్నరని రాస్త అన్న. వద్దని పలక మీద రాసిండ్రు, ఆమెకు ఆమె బాధనే శాన ఉన్నదని."

"హాస్టల్ సంగతి ఏమన్న చెప్పిండ్రా?"

"చెప్పలే. రెండు దినాలు ఆలోచన చేసిండ్రు. ఆ సవాలుకు జవాబు నాకు తెల్వది, చదివిన అని రాయి, అబద్ధం రాయకు అని రాసి చూపించిండ్రు."

ఆయన భార్య నా చెయ్యి వదలలేదు. భర్తను పోగొట్టుకున్నది ఆమె, ఓదార్చాల్సినదాన్ని నేను, అయినా ఆమే నన్ను పట్టుకుని కూర్చుంది. ఎన్నో నేర్చుకున్నానంటారు గుంపులో ఇప్పుడు నా గురించి. ఆ ఇంట్లో కూర్చున్నప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

నా బిడ్డ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అక్కడ సారు చెప్పులు ఉన్నాయి. ఎవరూ తీయలేదు. వాటిని గుర్తుపట్టి దాని మొఖం విచ్చుకుంది. చెప్పులు బయట ఉంటే మనిషి లోపల ఉన్నట్టే కదా. నన్ను దాటుకుని లోపలికి పోయింది. నేను చెయ్యి పట్టి ఆపాను. చనిపోవడానికి మేము సైగ కట్టుకోలేదు. వానకు కట్టుకున్నాం, ఆకలికి కట్టుకున్నాం, దీనికి కట్టుకోలేదు. చేతులు ఎత్తాను, గాలిలో అలాగే ఆగిపోయాయి. అది నా చేతుల వంక ఓపిగ్గా చూసి, ఇంక ఏమీ రావడం లేదని విడిపించుకుంది.

ఆ ఇంట్లో గుమ్మాలకు పచ్చ పరదాలున్నాయి. మొదటి పరదా ఎత్తి చూసింది. రెండోది ఎత్తింది. మూడో గదిలో కిటికీ వెనక, బీరువా పక్కన, మంచం కింద చూసింది. మళ్లీ వెనక్కి వచ్చి, నవ్వుకుంటూ, మొదటి పరదా దగ్గరి నుంచి మొదలుపెట్టింది.