డచెస్‌గారికి పిలుపు

నా చిన్నప్పుడు నన్ను ఏడిపించినవాళ్ళలో ఇంగ్లండు దొరలు కూడా ఉన్నారంటే మా అమ్మాయి నమ్మదు. వాళ్ళు తిరువూరు ఎప్పుడూ రాలేదు, నేను వాళ్ళ దేశం ఇప్పటికీ చూడలేదు. అయినా ఆరో తరగతిలో నెల్లాళ్ళపాటు వాళ్ళ మూలంగా నాకు అన్నం సహించలేదు.

రెండువేల సంవత్సరం వచ్చేస్తోందని, ఇంగ్లీషు రాకపోతే ఇక బతుకే లేదని అందరూ బెదిరిస్తున్న రోజులవి. మా నాన్నగారు నన్ను తెలుగు మీడియం నుంచి తీసేసి ఊళ్ళో కొత్తగా పెట్టిన ఇంగ్లీషు మీడియం బడిలో చేర్పించారు. అక్కడ వార్షికోత్సవానికి క్విజ్ పోటీ పెట్టారు. మా ఇంగ్లీషు సార్ ఎక్కడ సంపాదించారో ఒక జిరాక్సు కాగితం తెచ్చి అందరికీ పంచారు. దానిమీద రెండు వరసలు ఉన్నాయి. మగవాళ్ళ వరసలో పైనుంచి కిందికి డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బారన్. ఆడవాళ్ళ వరసలో డచెస్, మార్షనెస్, కౌంటెస్, వైకౌంటెస్, బారనెస్. ఆ కింద ఎవరిని ఎలా పిలవాలో నియమాలు. డ్యూకుని ఒక రకంగా పిలవాలట, మిగతా నలుగురినీ లార్డ్ అనాలట. వీళ్ళెవరిలోనూ చేరని నైట్ అనేవాడికి మాత్రం సొంత పేరు ముందు సర్ పెట్టాలట. అతని భార్యకేమో ఇంటిపేరు ముందు లేడీ పెట్టాలట.

నాకు ఒళ్ళు మండిపోయేది. డ్యూకు భార్య డచెస్ అయినప్పుడు, బారన్ భార్య బారనెస్ అయినప్పుడు, ఎర్ల్ భార్య కౌంటెస్ ఎందుకయింది? ఇదే మాట సార్‌ని అడిగితే, "రాసింది చదువు, రాయనిది అడక్కు," అన్నారు. అమ్మకి అప్పజెబుదామంటే పొయ్యి దగ్గర నుంచి కదలదు. నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చేసరికి నేను నిద్రపోయేదాన్ని. అలా ఎవరూ దిక్కులేక, మా వీధి మూలింట్లో ఉండే మునసబుగారింటి మామ్మగారి దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్ళాను.

ఆవిడ భర్త వినగడప వైపు ఒక ఊరికి మునసబుగా చేశారట. ఆ పదవుల్ని ప్రభుత్వం నేను పుట్టకముందే తీసేసింది. తరవాత వాళ్ళు పొలం కౌలుకిచ్చి తిరువూరు వచ్చేశారు. పదవి పోయినా పిలుపు పోలేదు. బజారులో కూరగాయలవాడి దగ్గర నుంచి మా నాన్నగారి దాకా అందరూ ఆయన్ని మునసబుగారనే అనేవారు, ఆవిడ మునసబుగారమ్మ. మా వీధిలో ఏ పేరంటం జరిగినా మొదటి బొట్టు ఆవిడకే. ముందు ఆవిడని పిలిచాకే మిగతా ఇళ్ళు. నేను చెబుతున్న సంవత్సరానికి ముందు ఏడాది మునసబుగారు పోయారు. దాంతో ఆవిడ మూలింటావిడ అయిపోయింది. పిలుపులు ఆగిపోయాయి. పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్ళు భరిణె పట్టుకుని వీధిలోకి వస్తే ఆవిడే లేచి తన తలుపు దగ్గరగా వేసుకునేది. నేను అది చాలాసార్లు చూశాను, కానీ ఎందుకలా వేసుకునేదో అప్పట్లో నాకు తట్టలేదు.

మామ్మగారికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళేరుతూ నేను అప్పజెబుతుంటే వినేది. నేను మార్క్విస్ దగ్గర ఆగిపోయి, వైకౌంటునీ ఎర్లునీ తారుమారు చేసి, ఏడుపు మొహం పెట్టాను.

"వాళ్ళ మొహాలు నువ్వు చూశావా?" అంది.

లేదన్నాను.

"చూడని మొహాలకి పేర్లెలా గుర్తుంటాయే? వాళ్ళందర్నీ తీసుకొచ్చి మా పెళ్ళి బంతిలో కూర్చోబెట్టు."

అలా ఇంగ్లండు దొరలంతా వినగడప వైపు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. బంతిలో మొదటి పీట జమీందారుది, ఆయన డ్యూకు. మార్క్విస్ అంటే సరిహద్దు సీమలని కాపలా కాసే ప్రభువని కాగితంలో ఉంది. అంటే ఖమ్మం జిల్లా పొలిమేరలో భూములున్న ఆసామి అన్నమాట, రెండో పీట ఆయనది. ఇలా ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుంటూ వచ్చి, చివరి పీట బారన్‌ది గనక దానిమీద మునసబుగారిని కూర్చోబెట్టాను. మామ్మగారు చేట పక్కన పెట్టేసింది.

"మా ఆయన్ని అందరికన్నా కిందికి తోస్తావా? నేను ఒప్పుకోను. ఆయన డ్యూకే. నేను ఆ మొదటిదాన్ని, ఏంటీ, డచెస్‌ని."

అలా కుదరదని నేను, కుదిరి తీరాలని ఆవిడ. చివరికి నేనే ఓడిపోయాను. ఆ రోజు నుంచి ఆవిడని డచెస్‌గారూ అని పిలవడం మొదలుపెట్టాను. ఆవిడ పళ్ళూడిన నోటితో నవ్వి, "ఏమి మనవి?" అనేది. వారం తిరిగేసరికి వరస మొత్తం నాకు కంఠతా వచ్చేసింది. తల్లకిందులుగా అడిగినా చెప్పగలను.

ఒకరోజు పప్పు ఏరుతూ ఏరుతూ తల ఎత్తకుండా అడిగింది. "మొగుడు పోతే ఆ డచెస్‌ని ఏమంటారే?"

కాగితంలో లేదు. మర్నాడు బడిలో సార్‌ని అడిగాను. అప్పటికే కౌంటెస్ విషయంలో నామీద కోపంగా ఉన్నారేమో, నన్ను బెంచీ ఎక్కించారు. "అక్కర్లేని ప్రశ్నలకి ఈవిడే రాణి," అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు ఏడుపు రాలేదు, పంతం వచ్చింది. ఆదివారం నాన్నగారిని బతిమాలి గ్రంథాలయానికి లాక్కెళ్ళాను. పిల్లలకి ఇచ్చేది లేదని అక్కడివాళ్ళు అంటే, నాన్నగారు తన పేరుమీద ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తీయించారు. డచెస్ అన్న మాట దగ్గర "డ్యూకు భార్య, లేక డ్యూకు వితంతువు" అని ఉంది. నేను ఆ ఒక్క వాక్యం నాలుగుసార్లు చదివి, ఎండలో పరిగెత్తుకుంటూ మూలింటికి వెళ్ళాను.

"అదే మాట మామ్మగారూ! ఆయన ఉన్నా అదే, పోయినా అదే!"

"అదే మాటా?" అంది. "సరిగ్గా చదివావా?" అని మళ్ళీ చెప్పించుకుంది. కొత్త డ్యూకు, అతని భార్య వచ్చాక పాతావిడ పేరుకి ముందు ఇంకో మాట చేరుస్తారని నేను పెద్దయ్యాక తెలుసుకున్నాను. ఆ రోజు నాకు అంత తెలియదు, తెలియకపోవడమే మంచిదైంది. ఆవిడ చేటలో ఏరిన పప్పునే మళ్ళీ ఏరుతూ చాలాసేపు కూర్చుంది.

సరిగ్గా అప్పుడే మా మేనత్త పెళ్ళి కుదిరింది. మా ఇంట్లోనే పసుపు దంచుతున్నారు. అమ్మకి ఊపిరి సలపని పని. వీధిలో పిలుపులకి నన్ను పంపింది. పట్టులంగా కట్టి, వెండి కుంకుమ భరిణె చేతికిచ్చి, ఏయే ఇళ్ళకి వెళ్ళాలో చెప్పింది. అందులో మూలిల్లు లేదు. లేదన్న సంగతి నేను గమనించలేదంటే అబద్ధం అవుతుంది. గమనించాను. అమ్మ హడావిడిలో మరిచిపోయిందని నాకు నేనే చెప్పుకున్నాను. నిఘంటువులో అచ్చయిన మాటకి తిరుగుంటుందని నాకు తెలియదు. పైగా వరస అంటే వరసే, మొదటి పీట డచెస్‌ది. అందుకని మొట్టమొదట మూలింటికే వెళ్ళాను.

మామ్మగారు నా చేతిలో భరిణె చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మా అత్త పెళ్ళికి పసుపు దంచుతున్నాం, పేరంటానికి రండి," అని అమ్మ నేర్పినట్టే అన్నాను.

"నన్నెందుకే పిలుస్తావు?"

"మీరు డచెస్‌గారు కదా. పుస్తకంలో ఉంది."

ఆవిడ నా వెనక వీధిలోకి ఒకసారి చూసింది. నన్ను లోపలికి లాగి తలుపు దగ్గరగా వేసింది. కాస్త వంగింది. నేను బొట్టు పెడితే కుంకుమ ముక్కుమీద కూడా రాలింది. ఆవిడ గోడకున్న అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడింది. పక్కనే మునసబుగారి ఫోటో ఉంది. అద్దంలో తనని తాను చూసుకుంది, తరవాత ఫోటోని చూసింది. అప్పుడు తడిబట్ట తీసుకుని బొట్టు శుభ్రంగా తుడిచేసుకుంది. భరిణెలోంచి చిటికెడు తీసి నా నుదుట పెట్టింది.

"కాగితంలో మాట ఉంటే చాలదే పిల్లా, ఆ మాటతో పిలిచే నోరు ఉండాలి. నువ్వు పిలిచావు, నేను విన్నాను. ఇంక మిగతా ఇళ్ళకి వెళ్ళు. ఇక్కడికి వచ్చినట్టు ఎవరికీ చెప్పకు."

చెప్పనక్కర్లేకపోయింది. నేను భరిణెతో ఆ ఇంట్లోకి వెళ్ళడం ఎదురింటి పిన్నిగారు చూసి, నాకన్నా ముందే మా ఇంటికి చేరింది. అమ్మ నన్ను పెరట్లోకి ఈడ్చుకెళ్ళింది.

"బుద్ధుందా నీకు? శుభమా అని పెళ్ళిపని మొదలుపెడుతుంటే మొదటి బొట్టు ఆవిడకా? ఆవిడ పెట్టించుకుందా?"

"లేదు," అన్నాను. "నాకే పెట్టింది."

నా నుదుటిమీద కుంకుమ చూసి అమ్మ ఊపిరి పీల్చుకుంది. "ఎంతైనా పెద్దింటి మనిషి, మర్యాద తెలిసినావిడ," అంది. అమ్మ తిట్టినందుకు కాదు, ఆ మాట అన్నందుకు నాకు పట్టరాని కోపం వచ్చింది. పెట్టించుకోకపోతేనే మర్యాద తెలిసినట్టా? కానీ నోరు విప్పితే మామ్మగారు పలచనైపోతారు. ఆడిన అబద్ధంమీదే నిలబడి నోరు మూసుకోవడం తప్ప నాకు దారి లేదు. ఆ సాయంత్రం మా ఇంట్లో రోకళ్ళ చప్పుడు, పాటలు. మూలింటి తలుపు వేసే ఉంది.

క్విజ్‌లో సార్ నన్ను డచెస్ అంటే ఎవరని అడిగారు. డ్యూకు భార్య, లేక డ్యూకు పోయాక ఆయన భార్య అని చెప్పాను. తన కాగితంలో భార్య అని మాత్రమే ఉందని, మిగిలింది అధికప్రసంగమని మార్కు కొట్టేశారు. సబ్బుపెట్టె బహుమతి ఇంకొకళ్ళకి వెళ్ళింది. ఆ మార్కు గురించి నాకు ఇప్పటికీ మంటే. మామ్మగారు మరుసటేడు గంపలగూడెంలో వాళ్ళమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయి, అక్కడే పోయారు.

పోయినేడు మా అమ్మాయికి ఓణీల వేడుక చేశాం. నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది, అమ్మ మా దగ్గరే ఉంటోంది. పిలుపులకి బయల్దేరే ముందు అదే వెండి భరిణె తీశాను. అది చూడగానే అమ్మ, తమలపాకులు తుడవాలంటూ లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయింది. అప్పటికే తుడిచిన ఆకుల్ని మళ్ళీ తుడుస్తోంది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చుని, "మా అమ్మాయికి ఓణీలు ఇస్తున్నాం, పేరంటానికి రా అమ్మా," అని కుంకుమ అద్దిన వేలు ముందుకు చాచాను. అమ్మ నా మణికట్టు పట్టేసుకుంది.

"పిచ్చి పనులు చెయ్యకు. నలుగురూ ఏమనుకుంటారు?"

నాకు పాతికేళ్ళ కిందటి కోపమంతా ఒక్కసారి వచ్చింది. అమ్మమీద కాదు. ఎవరిమీదో చెప్పలేను కూడా. చెయ్యి వెనక్కి తీసుకోకుండా అలాగే కూర్చున్నాను. అమ్మ కూడా చెయ్యి వదల్లేదు. కాసేపటికి చాలా చిన్న గొంతుతో అడిగింది.

"ఆ రోజు మునసబుగారమ్మ నిజంగా పెట్టించుకోలేదా?"

"పెట్టించుకుంది," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

అమ్మ నా మణికట్టు వదిలింది. వాకిట్లోకి చూసి, "ఆ తలుపు వెయ్యవే ముందు," అంది.

మామ్మగారు ఆ రోజు దగ్గరగా వేసిన తలుపు ఇన్నేళ్ళూ నా కళ్ళ ముందే ఉంది. నేను లేవలేదు. అమ్మ ఇంకోసారి అడగలేదు, నా వేలికి అందేలా తల వంచింది.