కాంపౌండర్ గారి మందుల సంచీ

మా పక్కింటి కాంపౌండర్ గారు గురువారం పొద్దున గుండెపోటుతో పోయారు. వారం తిరిగింది. నాకింకా ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వస్తోంది.

ఉయ్యూరులో ఒక డాక్టరు గారి దగ్గర పాతికేళ్లు పనిచేసి రిటైరయ్యాక, మా వీధికంతటికీ మందులు తెచ్చిపెట్టే పని ఆయన నెత్తినేసుకున్నారు. ఏ మందుకు బదులు ఏ కంపెనీది చవగ్గా దొరుకుతుందో చూసి, డాక్టరు గారితో సరేననిపించుకుని, నెలకోసారి అందరి చీటీలూ గుడ్డసంచీలో వేసుకుని బెజవాడ బస్సెక్కేవారు. బస్సు ఛార్జీ ఇవ్వబోతే కసురుకునేవారు. టీ ఇస్తే మాత్రం తాగి, పంచదార తక్కువైందని సణిగేవారు.

"పైన పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీవాడు పెట్టుకున్న పేరండీ. కింద చిన్నక్షరాల్లో ఉందే, అదీ మందు. అది చదవండి," అనేవారు.

మా అమ్మకు బీపీ. చవక మందు పనిచేయదేమోనని ఆవిడ అనుమానం. ఖరీదైనదే కొనుక్కుని, అది నెలాఖరుదాకా రావాలని రోజు విడిచి రోజు మింగేది. ఆ సంగతి తెలిసి ఆయన మా అరుగు మీద నిలబడి కేకలేశారు.

"ధర తగ్గించుకోమన్నా గానీ, మాత్రలు తగ్గించుకోమన్నానా చెల్లెమ్మా?"

"తప్పయిపోయింది అన్నయ్యగారూ," అంది అమ్మ.

ఆయన అక్కడే చతికిలబడి, జేబులోంచి పెన్ను తీసి, మాత్రల షీటు వెనక ఒక్కో మాత్ర దగ్గర ఒక్కో రోజు పేరు రాశారు. ఆది, సోమ, మంగళ... ఆనాటి నుంచి ప్రతినెలా అలా రాసే ఇచ్చేవారు. అమ్మ ఇవాళ తిరుగుతోందంటే ఆ రాతల చలవే.

నిన్న వాళ్లావిడ ఆయన మందుల డబ్బా నా చేతిలో పెట్టారు. "షాపువాడు వెనక్కి తీసుకుంటాడేమో కనుక్కో అమ్మా," అన్నారు. డబ్బాలో డాక్టరు చీటీ ఉంది. గుండెకు మాత్ర, రోజూ ఒకటి. షాపులో అడిగితే, ఆ మందు ఒక్క కంపెనీయే చేస్తుందట. చవకది లేదట.

ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. అంత బిగువెందుకండీ మీకు? మరి మేమో? ఇన్నేళ్లు ఆయన సంచీలో మా చీటీలు కుక్కాం. మీ మందులు కొనుక్కున్నారా అని ఒక్కరమూ అడిగిన పాపాన పోలేదు.

షీటు వెనక్కి తిప్పి చూశాను. అవే గుండ్రటి అక్షరాలు. సోమ, బుధ, శుక్ర. మళ్లీ సోమ, బుధ, శుక్ర.