బండి వెనక నడిచే మనిషి

లారీ చక్రాల కింద ఎండిన ఉలవకాయలు పటపట పగిలే చప్పుడు, ఆ వెంటనే కారు కిటికీలోంచి లోపలికి వచ్చే పొట్టు దుమ్ము వాసన. ఈ ఉదయం రెండూ తగిలేసరికి గవరయ్యగారు గుర్తుకు వచ్చారు. మాఘమాసంలో పలాస నుంచి ఉద్దానం తీరానికి పోయే రోడ్డే రైతులకు కళ్లం. కోసిన ఉలవ మొక్కలను తారు మీద పరుస్తారు; వచ్చే పోయే వాహనాలే నూర్చి పెడతాయి.

కాశీబుగ్గలోని ఒక జీడిపప్పు కర్మాగారంలో గవరయ్యగారు జీడిపిక్కల కొనుగోలు చూసేవారు. నేను ఆయన కింద గుమాస్తాను. తోటల్లో జీడి పూత చూసి ఆ ఏటి పంట అంచనా వేయడానికి ఆయన మోటారు సైకిలు మీద బయలుదేరితే, వెనక సీటు నాది. ఉలవలు పరిచిన చోటల్లా ఆయన దిగి, ఇంజను ఆపి, బండిని నెట్టుకుంటూ దాటేవారు. రాలిన గింజల మీద రెండు చక్రాలు నిలవవు. కాస్త వెనకగా నడుస్తూ, తువ్వాలు పైకెత్తి ఊపుతూ, వచ్చే కార్లను నెమ్మది చేయించడం నా పని.

రోడ్డు మీద పరిచిన ఉలవ కట్టెను తిరగేస్తున్న ఒకావిడ ఒకసారి ఆయనను ఏడిపించింది. “ఏటి మావా, బండి నిన్ను మోత్తందా, నువ్వు బండిని మోత్తన్నావా?”

“ఏడాదంతా అది మోసింది కదమ్మా. ఈ నెల నా వంతు.”

పక్కనుంచి మెల్లగా పోనిస్తే సరిపోదా అని నేనొకసారి విసుక్కున్నాను. “కారోడు జారితే కారు వంకరవుతాది. మనం జారితే మనమే వంకరవుతాం బావూ. నడు,” అన్నారు.

పిల్లలు పుట్టాక నేను కారు కొన్నాను. నాలుగు చక్రాలు, నెత్తిన కప్పు, నడుముకు బెల్టు; ఎటునుంచి కూడినా కారే భద్రమని ఆయనకు నిరూపించి, నాతో రమ్మన్నాను. “నీ కారు నీకు భద్రమే, కాదనను. అద్దాలేసుకుని కూకుంటే పూత వాసన నాకెలా తెలుత్తాది?” అన్నారు. అప్పటినుంచి నేను కారులో, ఆయన ఒంటరిగా బండి మీద.

మరుసటి మాఘంలో ఎప్పటిలాగే ఉలవల మీద బండి నెట్టుకుంటూ వెళుతున్న ఆయనను వెనకనుంచి వచ్చిన కారు గుద్దింది. వేగంగా తొక్కితే రైతుకు మేలని ఆ నడిపేవాడు అనుకున్నాడట. దుమ్ములో మనిషి కనబడలేదట. కారులోని వారికి చిన్న గాయమైనా కాలేదు.

టెక్కలి ఆసుపత్రిలో, కాలికి కట్టుతో ఆయనే నన్ను నవ్వించబోయారు. “సూసావా, బండి మీంచి పడలేదు. నడుత్తా పడ్డాను. నీ కూడికలో దీన్నెక్కడ కలుపుతావు?”

కలపలేకపోయాను. నేను కారులోపలి వారినే లెక్కించాను. నేను అందులోకి మారిన రోజున ఆయన వెనక తువ్వాలు ఎత్తే చెయ్యి ఒకటి తగ్గింది. ఆ తీసివేత నాకు తోచనే లేదు. ఆ కాలు ఆయనను మళ్లీ బండి ఎక్కనివ్వలేదు. పూత చూడకుండానే ఏళ్లు గడిపి, నిరుడు పోయారు. నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ ఉదయం లారీ దాటిపోయాక, ముందున్న యువకుడొకడు బండి దిగి ఉలవల మీద నెట్టసాగాడు. పక్కన చంటిబిడ్డతో భార్య. నేను కారును రోడ్డు అంచుకు తీసి ఆపి, తువ్వాలు అందుకుని దిగాను.

అతడు వెనుదిరిగి చూశాడు. “ఏటి బావూ, కారాగిపోనాదా?”

“లేదు నాయనా. నువ్వు నడు. వెనక నేనున్నాను.”