మాలిక్ ఖుద్

ఎన్నేళ్లుగానో అడుగుతున్నా, నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. అందుకే రాస్తున్నాను.

మా పురానాపూల్ గల్లీలో ఒక రిక్షా అన్న ఉండేవాడు. సేఠ్ దగ్గర బండి కిరాయికి తీసుకొని, సేఠ్ చెప్పిన వేళకే తొక్కేవాడు. ఎవరైనా "ఏయ్ రిక్షా!" అని పిలిస్తే ఖాళీ సీటు వైపు తిరిగి, "నిన్నే పిలుస్తున్నరు, పలుకవేంది?" అనేవాడు.

"సొంత బండి రానీ తమ్మీ! మనసైతే తొక్కుత, లేకుంటే పండుకుంట. మొదటి సవారీ నీదే" అని నాకు మాటిచ్చాడు.

బండి వచ్చేసింది! వెనక రేకు మీద, సేఠ్ పేరుండే చోట, "మాలిక్ ఖుద్" అని ఎర్రగా రాయించాడు. యజమాని తానే అని! గల్లీ అంతా ఉరికొచ్చింది. నేను ఉతికిన చొక్కా తొడుక్కొని ఎక్కబోతుంటే, ఆ సేఠే వచ్చి దర్జాగా సీట్లో కూర్చున్నాడు.

"చల్ రే, బహదూర్‌పురా!"

"కిరాయి ముంగట పెట్టు సేఠ్. లేకుంటే దిగు. నా మర్జీ!"

అందరూ ఘొల్లున నవ్వారు. సేఠ్ జేబులో చెయ్యి పెట్టాడు. అన్న బెల్లు మోగిస్తూ, ఎగిరెగిరి తొక్కుతూ పోయాడు. నేనూ కేకలేస్తూ వెంట ఉరికాను.

అన్నా, బండి నీది, మర్జీ నీది, సరే. మరి మాటిచ్చింది ఎవరికి? ఇప్పుడైనా జవాబు చెప్పు.