ఎక్కడి నుంచైనా పర్లేదు, మేడమ్

మా బాయి, అంటే మా ఇంటి యజమానురాలు, పోయింది. పోయిన నెల ఒక పొద్దున నేను ఆమెకు చాయ్ ఇచ్చి, కూరగాయలకు వెళ్లి వచ్చేసరికి కుర్చీలోనే పోయి ఉంది. సూరత్ సలాబత్‌పురాలో ఆ మేడమీది ఇంట్లో వంట చేస్తూ, ఆమెతో పోట్లాడుతూ నేనూ ముసలిదాన్నయ్యాను. ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెబితే సంచికలో వేస్తామని మన తెలుగు సంఘం వాళ్లు అడిగారు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మంచి మాటలు ఆమెకు. మిగతావి మీకు.

బాయి పార్సీ ఆమె. చిన్నప్పుడే బొంబాయిలో పియానో నేర్చింది. విలాయత్ వెళ్లి పెద్ద పెద్ద హాళ్లలో వాయించింది. తండ్రికి పక్షవాతం వస్తే సూరత్ వచ్చి ఇక్కడే ఉండిపోయింది. కచేరీలకు బొంబాయి రైల్లో వెళ్లొచ్చేది. కచేరీ ఉందంటే చాలు, ఒకే ముక్కను పొద్దంతా వాయించేది. నేనుండే ఇంటి పక్కనే మరమగ్గాల షెడ్డు. ఆ మోత తప్పించుకొని బాయి ఇంటికి వస్తే ఇక్కడ ఇది.

"ఏంది బాయీ, గదే గదే కొడుతున్నవ్? ఇంక రాలేదా?" అన్నాను ఒకరోజు.

"నీకు వచ్చేసింది. నాకే ఇంకా రాలేదు" అంది, చేయి ఆపకుండా.

ఆమెది హిందీ, నాది సగం తెలుగు కలిసిన హిందీ. తగాదాకు అది చాలేది. వేడి గిన్నె ముట్టదు, కత్తిపీట ముట్టదు. "ఇవి వేళ్లా, కొత్తల్లుళ్లా?" అంటే పకపకా నవ్వేది, గిన్నె మాత్రం నన్నే దించమనేది. వానాకాలంలో చెమ్మ పట్టకుండా పియానో లోపల చిన్న బల్బు వెలిగించి పెట్టేది. వంటింట్లో బల్బు పోయి నేను చీకట్లో పప్పు ఏరుతుంటే కనబడేది కాదు ఆమెకు. అలాంటి మనిషి. మెత్తని మనిషని మీరెవరూ రాయకండి.

సంతాప సభలో మన సెక్రటరీగారు మైకు పట్టుకొని, ఒంట్లో బాగాలేక మేడమ్ కచేరీలు మానేశారని చెప్పారు. అబద్ధం. ఆమె మానేసిన రోజు నేను ఆ హాల్లోనే ఉన్నాను.

సంఘం వార్షికోత్సవం అది. ఈ సెక్రటరీగారే ఇంటికి వచ్చి, "మా తెలుగువాళ్లు కళంటే ప్రాణం పెడతారు మేడమ్" అని ఒప్పించారు. ఈ ఊళ్లో ఆమెను వాయించమని అడిగింది అదే మొదలు. పైకి విసుక్కుందిగాని మురిసిపోయింది. పాత పట్టుచీర తీసి నాతో ఇస్త్రీ చేయించుకుంది.

ఉత్సవం జరిగిన స్కూలు హాల్లో, ఆ స్కూలువాళ్ల పియానో ముందు కూర్చొని మొదలుపెట్టింది. పిల్లలు పరుగులు, ఆడవాళ్ల కబుర్లు, వెనక పులిహోర ప్లేట్ల చప్పుడు. ఓర్చుకుంది. వాయించి వాయించి, చప్పుడు చాలా సన్నబడే చోటికి వచ్చింది. వేళ్లు పియానో మెట్ల మీద ఊరికే ఆనించినట్టు ఉన్నాయి. అప్పుడు సెక్రటరీగారు లేచి, "ముఖ్య అతిథిగారికి వేరే కార్యక్రమం ఉంది కాబట్టి, ముందుగా సన్మానం" అని మైకులో చెప్పారు.

వాయిస్తున్న మనిషి భుజాల మీద శాలువా వేశారు. అది జారి ఆమె చేతుల మీద పడింది. వీడియో అతను మొహానికి లైటు కొట్టి, "మేడమ్, ఇటు చూడండి" అన్నాడు. మీరంతా చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు కానివ్వండి మేడమ్" అన్నారు సెక్రటరీగారు.

"ఎక్కడి నుంచి?" అని అడిగింది బాయి.

"ఎక్కడి నుంచైనా పర్లేదు, మేడమ్."

బాయి పియానో మూత వేసి లేచింది. మేం మెట్లు దిగుతుంటేనే మైకులో, మేడమ్‌కు ఒంట్లో బాగాలేదన్నారు. రిక్షాలో ఆమె ఒకే మాట అంది: "చప్పుడు రానప్పుడు కూడా నేను వాయిస్తూనే ఉంటాను. అది వాళ్లకు తెలియదు." ఆ తర్వాత బొంబాయి నుంచి కచేరీకి ఫోన్ వచ్చినా, నాతో "మధ్యలో లేవకుండా కూర్చుంటారా అని అడుగు" అనేది. నేను అడిగితే వాళ్లు నవ్వి ఫోన్ పెట్టేసేవాళ్లు. ఆమె మళ్లీ జనం ముందు వాయించలేదు.

ఇప్పుడు మీ కొత్త స్టేజీకి బాయి ఇంట్లోని పియానో కావాలట. బొంబాయిలో ఉన్న బాయి మేనకోడలు, ఎవరికివ్వాలో నువ్వే చెప్పమని నాకు వదిలింది. సెక్రటరీగారు స్వీటు డబ్బా పట్టుకొని వచ్చారు.

"అమ్మా, ఇక్కడుంటే చెద పట్టిపోతుంది. మా దగ్గరుంటే మేడమ్ పేరు నిలబడుతుంది."

"పేరు నిలబెట్టుడు తర్వాత సారూ. ఆమె కూసున్నప్పుడు మీరు జరసేపు కూసోలేకపోయిండ్రు. డబ్బా తీస్కపోండ్రి."

అడగవలసినవాళ్లంతా అడిగారు, కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. పియానో మీకు రాదు. బాయి దగ్గర తిట్లు తిని పియానో నేర్చుకున్న ఒక టీచరమ్మ ఉంది. ఆమె ఇంటికి పంపించేశాను.

పోయిన ఆదివారం హమాలీలు దాన్ని తాళ్లతో కట్టి మెట్ల మీదుగా దించారు. కింద గడప దాటేటప్పుడు ఒక మూల గోడకు తగిలింది. లోపలి తీగలన్నీ ఒక్కసారి మోగాయి. హమాలీలు భయపడి దించేశారు. గల్లీలో చీరల మూటలు నెత్తిన పెట్టుకొని పోయేవాళ్లు ఆగిపోయారు. ఆగమని ఎవరూ అనలేదు. ఆ మోత సన్నగిల్లి, ఉందో లేదో తెలియకుండా అయ్యేదాకా ఎవరూ అడుగు వేయలేదు. మూట బరువుకు ఒకతని మెడ వణుకుతోంది. అయినా అలాగే నిలబడి ఉన్నాడు.